మిషన్ దిగే మూల

హిమబిందు రెండు ఊళ్ల పేర్లు కాగితం మీద పక్కపక్కనే రాసుకుని నాలుగు రోజులయింది. ఒకటి బెర్లిన్, రెండోది వియత్నాంలోని కాన్ థో. నడుమ నిలువుగా ఒక గీత. గీతకి అటూ ఇటూ అద్దె, వీసా, చలి, పొద్దు గూకాక ఆడమనిషి ఒంటరిగా నడవొచ్చా లేదా, రెండేళ్లు అయ్యాక అక్కడి నుంచి ఇంకో ఉద్యోగం దొరుకుతుందా, ఇలా ఎనిమిది తొమ్మిది సంగతులు వరసగా వేసి, ఒక్కోదానికి పదికిన్ని మార్కులు వేసుకుంటూ వచ్చింది. ఆ ఇంట్లో పెళ్లి సంబంధాలకు కూడా ఇంత విచారణ ఎప్పుడూ జరగలేదు.

బళ్లారి జిల్లా ఎమ్మిగనూరు పక్కన, కాలువ కింద భూములు కొని కోస్తా నుంచి వచ్చినవాళ్లు ఇళ్లు కట్టుకున్న చోటుని డెబ్బై ఏళ్లయినా క్యాంపు అనే అంటారు. ఆ క్యాంపులో చౌడు నేలల మీద పీహెచ్‌డీ చేసింది బిందు ఒక్కతే. తమ కాలువ కింద రెండువందల పన్నెండు చేలల్లో మన్ను తీసి, ఉప్పు కొలిచి, ఏ చేను ఎంత చెడిందో రంగుల పటం గీసింది. బాగున్నవి పచ్చ, చెడినవి ఎరుపు. ఆ పటం చూసే రెండు దేశాలవాళ్లూ రమ్మన్నారు. బెర్లిన్‌లో పని ఉపగ్రహం తీసిన ఫొటోల్లో చౌడు పసిగట్టడం. కాన్ థోలో పని సముద్రపు ఉప్పు ఎక్కుతున్న వరి మడుల్లో దిగి తిరగడం. సోమవారం లోపల ఏదో ఒక మాట చెప్పాలి.

సీనియర్లందరిదీ ఒకటే పాట. పేరున్న ఊరికి పో, ఆ ఊరి పేరే నీకు తర్వాతి ఉద్యోగం ఇప్పిస్తుంది, అని. మార్కులు కూడితే బెర్లిన్‌కి అరవై ఒకటి, కాన్ థోకి నలభై తొమ్మిది వచ్చాయి.

"వియత్నాం గూడా ఒక ఫారినేనా?" అన్నాడు అన్న హరిబాబు. అతనికి వరికోత మిషను ఉంది. క్యాంపు మాట సగం, బళ్లారి మాట సగం కలిసిన నోరు. "మన మాదిరే వరి, మన మాదిరే ఉక్క. ఆ మాత్రం దానికి విమానం ఎక్కాల్నా? కంప్లి బస్సెక్కితే సాలదా?"

"వాళ్లూ అన్నమే తింటారంటగా," అంది నాయనమ్మ హనుమాయమ్మ, వసారాలో చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ. "మరి దానికి మార్కులేవే? నీ కాగితంలో అన్నం లేదు."

బిందు నవ్వి, అన్నం అని ఒక వరస కొత్తగా రాసింది. కాన్ థోకి పది, బెర్లిన్‌కి ఆరు. అయినా బెర్లినే ముందుంది.

ఆ శుక్రవారం పొద్దున, ఆ ఆరు దగ్గర పెన్ను ఇంకా ఆగి ఉండగానే, గేటు తోసుకుని దుర్గక్క వచ్చింది. కాలువ కొనాఖరున ఆమెకు రెండెకరాలుంది. నాట్ల కాలంలో క్యాంపు చేలల్లోకి కూలికి వచ్చే మనిషి కాబట్టి ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎప్పుడూ వసారా మెట్టు మీద కూర్చుని మాట్లాడేది, ఆ రోజు కూర్చోలేదు.

"బిందమ్మా, నీ పటంలో నా చేను పచ్చగా ఉండాదంట గదా?"

బిందుకి అర్థం కాలేదు.

"పంచాయితీ గోడకు లిస్టు అతికించినారు. చౌడు పోయేదానికి నేల కింద గొట్టాలు ఏస్తారంట గదా, ఆ లిస్టు. నా పేరు లేదు. ఏందప్పా అని అడిగితే, క్యాంపు బిందమ్మ పటంలో నీ చేను పచ్చగా ఉండాది, బాగుండే చేనుకి గొట్టాలు ఎందుకని అన్నారు." దుర్గక్క కొంగు ముడి విప్పింది. అందులో బూడిద రంగు మట్టిబెడ్డ, దాని మీద పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. "మూడేండ్ల నుంచి ఇత్తనం గూడా తిరిగి రాలేదు. నీ పటంలో పండిన పంట నాకూ చూపీ తల్లీ, కోసుకుంటా."

హనుమాయమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. దుర్గక్క గొంతు పెంచలేదు. పెంచితే బిందుకి అంత సిగ్గుగా ఉండేది కాదేమో.

"పద అక్కా, చూద్దాం," అని లేచింది.

ఏప్రిల్ ఎండ. కాలువకు నీళ్లు ఆపేసి పది రోజులయింది, అడుగున బురద నెర్రెలు విచ్చింది. కాలువ తల దగ్గర కొన్ని చేలల్లో అప్పుడే యంత్రం కందకాలు తవ్వుతోంది, ఒడ్డున ప్లాస్టిక్ గొట్టాల చుట్టలు పేర్చి ఉన్నాయి. ఆ చుట్టల పక్క నుంచి పోతున్నప్పుడు దుర్గక్క తల తిప్పి చూడలేదు. అక్కడి నుంచి ఆమె చేనుకి రెండు మైళ్ల నడక.

చేను మూలకి రాగానే బిందు ఆగింది. ఆ మూల నేల ఎర్రగా ఉంది. మిగతా చేనంతా నల్లరేగడి, మధ్యకి పోయేకొద్దీ తెల్లటి పొర.

"ఈ ఎర్రమన్ను ఏందక్కా?"

"మీ మిషను దిగాల గదా. గట్టు మింద నుంచి చేన్లోకి దిగితే కూరుకుపోతాదని మీ అన్నే రెండు ట్రాక్టర్ల మొరం తోలించినాడు. ప్రతి చేనుకీ ఇట్ల ఒక మూల ఉంటాది, నువ్వు చూళ్లేదా?"

బిందు చూసింది. కోత మిషను దిగే మూల. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. గుట్ట నుంచి తెచ్చిన మొరం, దాంట్లో ఉప్పు ఎందుకు ఉంటుంది?

"నీ చేన్లో మన్ను ఎవరు తీసినారు అక్కా?"

"మీ అన్న హరప్పే. నువ్వు ఊర్లో లేవు. ఇదో, ఈడనే. బండి గూడా దిగలేదు. కూకోనే గొట్టం గుచ్చినాడు, సంచిలో ఏసుకున్నాడు, పోయినాడు. నేను ఆ మడికాడ నుంచి చెయ్యి ఊపినా, లోపలికి రాప్పా అని. తిరిగి చెయ్యి ఊపి పోయినాడు."

బిందు సంచిలోంచి ఇనుప గొట్టం తీసి మూలలో ఒకసారి, చేను నడిమధ్యలో ఒకసారి దించింది. నడిమధ్య దాకా పోయేసరికి చెప్పులకు తెల్లటి పొర అంటింది. మన్ను సీసాల్లో వేసి, ఉప్పు లేని బ్యాటరీ నీళ్లు పోసి, ఊపి, కుదురుకునేదాకా గట్టు మీద కూర్చుంది. దుర్గక్క పక్కనే గొంతుక్కూర్చుని సీసాల వంకే చూసింది. ఉప్పు కొలిచే మీటరు ముంచితే మూలలో రెండుకి లోపే చూపించింది. నడిమధ్యలో పదకొండు. మూడు దాటితే చాలు, వరి పైరు ముడుచుకుపోతుంది.

"ఎంతుండాది?" అని అడిగింది దుర్గక్క.

"చాలా ఉండాదక్కా."

"నాకు తెలిసిందే," అని లేచి చీర దులుపుకుంది. "నీకు తెలియాల్నని పిల్చుకొచ్చినా."

ఇంటికొచ్చేసరికి హరిబాబు మిషను కింద పడుకుని గ్రీజు కొడుతున్నాడు. కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. బిందు ఆ కాళ్లతోనే మాట్లాడింది.

"అన్నయ్యా, ఆ ఏడాది నేను బెంగళూరు సదస్సుకి పోయిన వారం, నువ్వు తెచ్చిన సంచులు ఎన్ని?"

"యాభై ఎనిమిది. ఎందుకు?"

"ఎక్కడ తీశావు?"

"చేన్లోనే. మరెక్కడ తీస్తారు?"

"చేన్లో ఎక్కడ?"

కాళ్లు కదలకుండా ఆగాయి. తర్వాత మనిషి జరిగి బయటికి వచ్చాడు. నుదుటి మీద నల్లటి మరక. "బండి పోయే కాడ తీసినా. మిషను దిగే మూల్లో. అదీ చేనే గదా? నలభై మూడు డిగ్రీల ఎండ. యాభై ఎనిమిది సంచులు మోసి, పేర్లు రాసి, నీ గదిలో వరసగా పెట్టినా. అప్పుడు బంగారు అన్నయ్య అన్నావు. ఇప్పుడు ఏందే ఈ విచారణ?"

ఆమె చెప్పింది. అతను గ్రీజు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు, తుడిచిన చేతినే మళ్లీ తుడిచాడు.

"అయితే నేను చేసిందే తప్పు."

"కాదు. నేను అడగలేదు."

ఆ మాట నిజం. అడిగితే ఆ వారం మళ్లీ తిరగాల్సి వచ్చేది. సిద్ధాంత గ్రంథం ఇవ్వాల్సిన గడువు నెత్తిమీదికొచ్చింది. అందుకే అడగలేదు. పైగా గ్రంథంలో నలభై ఒకటో పేజీలో, మన్నంతా చేను నడిమధ్య నుంచే తీశామని తన చేత్తో రాసింది. ఇంతకన్నా పెద్ద ముల్లు ఇంకొకటి ఉంది. మూడు వారాల కింద జరిగిన ఇంటర్వ్యూలో బెర్లిన్‌వాళ్లు పటం చూసి మెచ్చుకున్నారే గాని మన్ను సంగతి ఎత్తలేదు. కాన్ థో ప్రొఫెసరు, పొట్టి జుట్టు పెద్దావిడ, కళ్లద్దాలు పైకి నెట్టుకుని ఒకే ఒక ప్రశ్న వేసింది. ఈ సంచులన్నీ నువ్వే నింపావా, అని. అవునని చెప్పింది బిందు. తడుముకోకుండా చెప్పింది. గుమ్మడికాయల దొంగకైనా భుజాలు తడుముకునే పాటి భయం ఉంటుంది, తనకి ఆ రోజు అదీ లేదు.

కాగితంలో బెర్లిన్‌కి మార్కులు ఎందుకు అంత సులువుగా పడ్డాయో ఇప్పుడు తెలిసింది. ఆ ఊళ్లో తనను ఎవరూ ఆ ప్రశ్న అడగరు.

శనివారం కాలువ తల దగ్గరికి పోయి గొట్టాలు వేయిస్తున్న ఇంజనీరును కలిసింది. కొట్రేశ్ అని, ఆమె కంటే రెండు మూడేళ్లు చిన్న. యంత్రం చప్పుడులో చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అంతా విన్నాడు.

"మేడం, మాకు మీ పటమే ఆధారం. నేను చూసి చెప్తే చెల్లదు, దుర్గక్క ఏడిస్తే చెల్లదు. మీరే కొలత తప్పని రాసిచ్చి, కొత్త కొలతలు ఇస్తే నెలాఖరు దాకా లిస్టు తెరిచి పెడతా. గొట్టాలు వస్తాయని మాత్రం మాటియ్యను." దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "రాసిస్తే మీ పేరు పోతాది, నోడిరి మేడం, చూసుకోండి. ఫారిన్ పోతాండారంట గదా. ఇప్పుడు ఇది బేకా మీకు, కావాల్నా?"

"యాభై ఎనిమిది చేలు, కొట్రేశ్. అన్నీ కొనాఖరువే."

"హౌదు," అని తలూపాడు అతను. "ముందున్న చేలకైతే మీరే పోయినట్టుండారు. కొనాకి ఎవరూ పోరు మేడం. నీళ్లే పోవు."

ఆ మాట వెంట పెట్టుకుని ఇల్లు చేరింది. ఎండ తగ్గాక పీహెచ్‌డీ గైడుకి ఫోన్ చేసింది. ఆయన మంచివాడే. రెండువందల పన్నెండులో యాభై ఎనిమిది ఏమంత లెక్కమ్మా, చేరాక నిదానంగా సవరించుకోవచ్చు, ముందు సంతకం పెట్టు, కాలు దువ్వి కయ్యం తెచ్చుకోకు, అన్నాడు.

ఆదివారం పొద్దున నాయనమ్మ చింతపండు ముద్దలు చేసి ఉప్పు అద్ది జాడీకెత్తుతోంది. బిందు పక్కన కూర్చుని జాడీ పట్టుకుంది.

"నాయనమ్మా, మీరు ఇక్కడ భూమి ఎలా చూసుకుని కొన్నారు?"

"నేనెక్కడ చూశానే. మీ తాతయ్య వచ్చాడు, కాలవ తల పక్కనే ఉందన్నాడు, కొనేశాడు. మా ఊళ్లో భూమి కొనేముందు పక్కనున్న బావి నీళ్లు నోట్లో పోసుకుని చూసేవాళ్లు. తియ్యగా ఉంటే బేరం, చప్పగా ఉంటే ఆలోచన, ఉప్పగా ఉంటే దణ్ణం. ఇక్కడా బావి ఉంది. పక్కన నీళ్లు తోడుకునే మనిషీ ఉంది. ఈయన అడగలేదు."

"ఎందుకు?"

"అడిగితే బేరం చెడుతుందని." హనుమాయమ్మ జాడీలోకి ఇంకో ముద్ద నొక్కింది. "పదేళ్లు తిరక్కుండా ఆ మూడెకరాలు తెల్లబడ్డాయి. మనిషి పోయేదాకా, ఆ రోజు ఒక్క మాట అడిగుంటే అయిపోయేదిగా అని అంటూనే ఉన్నాడు. ఆ జాడీ వంచకే, చూసి పట్టుకో."

బిందు జాడీ నిలబెట్టింది. కళ్లు ఎందుకు మండుతున్నాయో ఉప్పు మీదికి నెట్టేయొచ్చు గాని, అది ఉప్పు కాదు.

మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని మూడు ఉత్తరాలు రాసింది. ఒకటి కొట్రేశ్ ఆఫీసుకి. మిగతా రెండూ రెండు ఊళ్లకి, ఒకటే మాట. యాభై ఎనిమిది సంచులు నేను నింపలేదు, నడిమధ్య నుంచి తీయలేదు, తీశామని రాసింది నేను. మళ్లీ తీయడానికి నెల రోజులు కావాలి, చేరే తేదీ అంత వెనక్కి జరపగలరా? కాన్ థో ఉత్తరంలో ఒక వాక్యం ఎక్కువ ఉంది. మీరు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను. ఆ వాక్యం నాలుగుసార్లు కొట్టేసి అయిదోసారి ఉంచింది. మెయిల్లో పంపించాక లేచిపోయి కుండలో నీళ్లు ముంచుకుని రెండు గ్లాసులు తాగింది.

సోమవారం పొద్దున్నే కాన్ థో జవాబు వచ్చింది. నాలుగు లైన్లు. నేనడిగినప్పుడు మీరు చెప్పింది నిజం కాదని తెలిసింది, అది నాకు బాధగానే ఉంది. ఆ యాభై ఎనిమిది చేలల్లో ఈసారి ఎవరు నడుస్తారు? ఎక్కడ తీశారో ఒక్కోదానికీ రాసి పంపండి, చూశాక మాట్లాడదాం. అంతవరకు ఉద్యోగం మీదేనని చెప్పలేను.

చెంప ఛెళ్లుమన్నట్టయింది. అయినా ఆ నాలుగు లైన్లు మళ్లీ మళ్లీ చదివింది. ఎవరు నడుస్తారు అన్న దగ్గర ప్రతిసారీ ఆగింది.

బెర్లిన్ జవాబు భోజనాల వేళకి వచ్చింది. ఎంతో మర్యాదగా ఉంది. ఇలాంటివి అందరికీ జరుగుతాయి, నిజాయితీగా చెప్పినందుకు సంతోషం. చేరే తేదీ మార్చలేం, అవసరం కూడా లేదు. ఆ యాభై ఎనిమిదీ తీసేసి పటం మళ్లీ గీస్తే సరిపోతుంది. ఈ సాయంత్రంలోగా సంతకం పంపండి.

బిందు కంప్యూటరు తెరిచి, వాళ్లు చెప్పినట్టే, ఆ యాభై ఎనిమిది చుక్కలు తీసి చూసింది. పటం శుభ్రంగా, అందంగా వచ్చింది. తప్పు ఒక్కటి లేదు. కాలువ కొన మాత్రం లేదు. అక్కడ తెల్లగా ఖాళీ. దుర్గక్క చేను మొన్నటిదాకా అబద్ధంగానైనా పచ్చగా ఉండేది. ఇప్పుడు అసలు చేనే లేదు.

సాయంత్రం నాలుగింటికి బెర్లిన్‌కి రాలేనని రాసింది. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చాయి, చేతికొచ్చిన ఉద్యోగం వదులుకుంటోంది, రెండోది వస్తుందో రాదో తెలియదు. భయం వేసింది. ఆ భయంతోనే పంపే మీట నొక్కింది.

ఇంట్లో చెప్తే హరిబాబు చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. నాయనమ్మ మాత్రం, "మార్కులు ఎక్కువొచ్చిన ఊరు వద్దన్నావా?" అంది.

"అవును."

"ఆ కాగితం ఇలా ఇవ్వు. జాడీ మూతకి కట్టడానికి కాగితం కోసమే చూస్తున్నా."

మంగళవారం తెల్లారి ఆరింటికే బిందు దుర్గక్క చేను దగ్గరుంది. భుజాన సంచి, చేతిలో ఇనుప గొట్టం, యాభై ఎనిమిది కొత్త కవర్లు. గట్టు మీద దుర్గక్క వేపపుల్ల నములుతూ ఎదురు చూస్తోంది.

దూరంగా కాలువ గట్టు వెంట ఒక మనిషి నడిచి వస్తున్నాడు. దగ్గరికొచ్చేదాకా పోల్చుకోలేదు, హరిబాబుని బండి లేకుండా చూసి ఎన్నేళ్లయిందో. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు, చొక్కా అప్పుడే తడిసింది. వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా చెల్లెలి చేతిలోంచి గొట్టం తీసుకున్నాడు.

"బండి ఏమాయె హరప్పా?" అంది దుర్గక్క.

"బండి పోని కాడికి గదక్కా పోవాల్సింది."

దుర్గక్క వేపపుల్ల పారేసి బిందు వైపు తిరిగింది. "ఇంతకీ ఏ ఊరు కుదిరిందమ్మా నీకు?"

"ఇంకా కుదరలేదక్కా. ఈ మన్ను ఎక్కడ తీసినామో రాసి పంపితే, చూసి చెప్తామన్నారు."

"ఈడ మన్ను యాడ తీస్తే వాళ్లకేంది?"

"వాళ్లకి అదే కావాలంట."

దుర్గక్క కొంగు నడుముకు బిగించింది. ఆ ఊరు ఎక్కడుందో, ఎంత దూరమో అడగలేదు.

హరిబాబు గొట్టం పట్టుకుని చేను వైపు ఒక అడుగు వేసి, ఆగి, వెనక్కి చూశాడు. చెల్లెలు చెప్తుందని చూశాడు. బిందు నోరు తెరవబోయి దుర్గక్క వంక చూసింది.

"ఎక్కడ తీయమంటావక్కా?"

మూడేళ్లలో ఈ చేన్లో మన్ను ఎక్కడ తీయాలని ఆమెను అడగడం అదే మొదలు. దుర్గక్కకీ అది తెలిసినట్టుంది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని గట్టు దిగింది. ఎర్రమన్ను మూల దాటి, తెల్లటి పొర మీద పాదాల గుర్తులు పడుతుండగా నేరుగా నడుచుకుంటూ పోయి, నడిమధ్య కూడా దాటి, ఇంకా అవతలికి, ఎక్కడైతే గడ్డిపోచ కూడా మొలవలేదో అక్కడ నిలబడి మడమతో నేలని నొక్కింది.

"ఈడ."

హరిబాబు ఆ గుంటలోనే గొట్టం దించాడు. బిందు మొదటి కవరు మీద దుర్గక్క పేరు రాసి, దాని కింద చోటు ఎవరు చూపించారో కూడా రాసుకుంది.